గ్రాఫిక్స్ కార్డుకు చల్లగాలి

మా ఆయన విమానాలు నడిపేవాడు. ఈ మాట వినగానే ఎదుటివాళ్ళ కళ్ళు పెద్దవవుతాయి కాబట్టి మిగతా సగం కూడా వెంటనే చెప్పేస్తాను. కర్నూలులో కల్లూరు వైపు కొత్తగా లేచిన ఇళ్ళలో ఒక అద్దె ఇల్లు మాది. ఆ ఇంటి ముందు గదిలో, ప్లాస్టిక్ కుర్చీలో, లుంగీ కట్టుకుని కూర్చుని కంప్యూటర్లో నడిపేవాడు. విమానం నడిపే ఆట అది. ఆట అంటే ఆయనకు ఒళ్ళు మండేది, సిమ్యులేటర్ అనాలి అనేవాడు. నేను ఇప్పటికీ ఆట అనే అంటాను.

ఇది రెండు వేల ఏడు, ఎనిమిది ప్రాంతపు మాట. ఆయన ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాడు. చిన్నప్పుడు పైలట్ కావాలనుకున్నాడట. కళ్ళజోడు వచ్చి ఆ దారి మూసుకుపోయిందని అందరికీ చెప్పేవాడు. ఎక్కడ దరఖాస్తు పెట్టారు, ఎవరు కాదన్నారు అని ఒకసారి అడిగాను. మాట మార్చాడు. చేయని ప్రయత్నానికి కళ్ళజోడును నిందించే మగవాళ్ళను తర్వాత చాలామందిని చూశాను కానీ, మొదటివాడు మాత్రం నాకు ఇంట్లోనే దొరికాడు.

వేసవి సెలవులు వచ్చాయంటే ఆయన డ్యూటీ ఎక్కేవాడు. పొద్దున టిఫిన్ తిని హైదరాబాద్‌లో బయల్దేరి భోజనం వేళకు బెంగళూరులో దిగేవాడు. మధ్యాహ్నం కునుకు తీసి తిరుగు ప్రయాణం. దారిలో కర్నూలు మీదుగా పోతున్నప్పుడు నన్ను పిలిచేవాడు. వెళ్ళి చూస్తే తుంగభద్రా లేదు, కోట బురుజూ లేదు, ఎండిన చేను రంగులో ఒక పరుపు కనిపించేది. ఇదే మన ఊరు అని వేలు పెట్టి చూపించేవాడు. కిటికీ తెరిస్తే కనిపించే ఊరిని వదిలేసి ఆ పరుపును చూసి మురిసిపోయే మనిషితో ఏం మాట్లాడాలి? తల ఊపి వంటింట్లోకి పోయేదాన్ని.

వంటింట్లో ఇంకో బాధ. మా వీధిలో ఓల్టేజీ ఎప్పుడూ తక్కువే. నేను మిక్సీ వేస్తే ఆయన కంప్యూటర్ ఠక్కున ఆరిపోయి మళ్ళీ మొదలయ్యేది. అందుకని విమానం గాల్లో ఉన్నంతసేపు మిక్సీ వేయకూడదని చట్టం పెట్టాడు. ఫిజిక్స్ చెప్పే మనిషి ఒక యూపీఎస్ కొనుక్కోవచ్చు. పెళ్ళాం ఉండగా యూపీఎస్ దేనికనుకున్నాడో ఏమో, కొనలేదు. నేను పల్లీలు వేయించి, ఎండుమిరపకాయలు పక్కన పెట్టుకుని, విమానం బెంగళూరులో ఎప్పుడు దిగుతుందా అని కాచుకుని ఉండేదాన్ని. చక్రాలు నేలకు తగిలాయని ముందు గదిలోంచి కేక వచ్చాకే మా ఇంట్లో పచ్చడి తయారయ్యేది.

నాకు అప్పుడు ఖాళీ ఉండి ఇవన్నీ భరించానని అనుకోవద్దు. నేను డీఎస్సీకి చదువుతున్నాను. ప్రభుత్వ బడుల్లో టీచర్ ఉద్యోగాలకు పెట్టే పరీక్ష అది. మాది కడప. బీఈడీ చేసి, పెళ్ళికి ముందు అక్కడ ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పాను. అమ్మాయి ఉద్యోగం చేస్తుందని పెళ్ళి మాటలప్పుడే మా నాన్న చెబితే అత్తింటివాళ్ళంతా సరేనన్నారు. పెళ్ళయ్యాక ఆ సరే రోజురోజుకూ సన్నబడింది. మొదటిసారి రాసినప్పుడు కొద్దిలో తప్పిపోయింది. రెండోసారికి దరఖాస్తు నింపుతుంటే మా ఆయన పక్కన నిలబడి చూశాడు.

"ఈసారి గూడా రాకుంటే పుస్తకాలు మూట గట్టి అటక మీదికి ఎక్కించు. ఇంట్లో శానా పని ఉండాది" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. ఆయన నవ్వుతూ అన్నవే మా ఇంట్లో అమలయ్యేవి. కాబట్టి నాకు సంగతి స్పష్టంగా అర్థమైంది. ఉద్యోగం వస్తే పొద్దున్నే చెప్పులు వేసుకుని గడప దాటి పోతాను. రాకపోతే ఈయన విమానం దిగే వేళలు చూసుకుంటూ పచ్చడి చేస్తూ బతుకుతాను.

కడపలో పుట్టినదాన్ని, ఎండ నాకు కొత్త కాదు. కానీ ఆ ఇల్లు వేరు. చుట్టూ ఒక చెట్టు లేదు, పైన ఇంకో అంతస్తు లేదు. పదిగంటలకే మిద్దె కాలడం మొదలై సాయంత్రం దాకా లోపలికి వేడి దిగుతూనే ఉండేది. ఫ్యాను వేస్తే ఆ వేడినే తెచ్చి ముఖాన కొట్టేది. నన్ను కాపాడింది నా కూలరు. ప్రైవేటు బడిలో పనిచేసిన జీతంతో నేనే కొనుక్కున్న గడ్డి కూలరు అది. పెళ్ళి సామాన్లతో పాటు లారీలో కడప నుంచి వచ్చింది. మధ్య గదిలో కిటికీ కింద పెట్టుకుని, దాని ముందు చాప వేసుకుని చదివేదాన్ని. ఆ ఇంట్లో నాదని చెప్పుకోదగ్గది అదొక్కటే.

ఆ వేసవిలో మా ఆయన విమానానికి రోగం వచ్చింది. కొత్త రకం ఆట ఏదో తెచ్చి ఎక్కించుకున్నాడు. పాత కంప్యూటర్ దాన్ని మోయలేకపోయింది. విమానం ఎగరడం మానేసి ఆగి ఆగి నడిచింది. మలుపు తిప్పితే ఒక బొమ్మ, కాసేపటికి ఇంకో బొమ్మ. దిగే సమయానికి తెర బిగుసుకుపోయి, కదిలేసరికి విమానం పొలంలో కూలిపోయి ఉండేది. కూలినప్పుడల్లా ఇంట్లో నిజంగా ఎవరో పోయినంత పని అయ్యేది. అన్నం ముందు కూర్చుని, కారణం గ్రాఫిక్స్ కార్డేనని, తెర మీద బొమ్మలు గీసేది అదేనని, దాన్ని మార్చనిదే లాభం లేదని క్లాసు చెప్పేవాడు. పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగితే వినిపించేది కాదు.

ఆయనకు ఒక స్నేహితుడు ఉండేవాడు. ఊళ్ళో కంప్యూటర్ సెంటర్ నడిపేవాడు. నడుముకు సెల్‌ఫోను తగిలించుకుని, మాటకు ముందు హైదరాబాద్, మాటకు వెనక హైదరాబాద్ అనేవాడు. కార్డు కూడా హైదరాబాద్ నుంచే తెప్పించాడు. అట్టపెట్టె మీద రాక్షసుడి బొమ్మ ఉంది. విమానం నడపడానికి రాక్షసుడు దేనికో నాకు తెలియలేదు. పెట్టె తెరవక ముందు పసుపు, కుంకుమ తెమ్మన్నాడు మా ఆయన. మూఢనమ్మకాల మీద కాలేజీలో ఉపన్యాసం ఇచ్చే మనిషి, ఆ రాక్షసుడి నుదుట శ్రద్ధగా బొట్టు పెట్టాడు.

కార్డు బిగించారు. అది తినే కరెంటుకు పాత పవర్ సప్లై చాలదని అదీ మార్చారు. అన్నీ అయ్యాక విమానం లేచింది. నిజం చెప్పాలంటే బాగుంది. ఎక్కడా ఆగలేదు, అదరలేదు, నీళ్ళలో తెడ్డు వేసినట్టు నున్నగా పోయింది. మేఘాలు కూడా బాగున్నాయి. మే నెలలో మా ఊరి మీద అంత మేఘం ఆ తెరలో తప్ప ఎక్కడా లేదు. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. ఆ విమానాన్ని కనిపెట్టింది వాళ్ళేనన్నంత గర్వం వాళ్ళ ముఖాల్లో.

ఆ గర్వం వారం నిలవలేదు. కొత్త కార్డు వేడెక్కడం మొదలుపెట్టింది. దాని మీదున్న చిన్న ఫ్యాను పిండిమర లాగా అరిచేది, అరిచి అరిచి కంప్యూటర్ మొత్తం ఆగిపోయేది. స్నేహితుడు మళ్ళీ వచ్చాడు. కంప్యూటర్ పక్క మూత విప్పి, చెయ్యి పెట్టి చూసి, ఇది హైదరాబాద్‌లో ఏసీ గదుల్లో ఉండే సరుకు, మన ఎండకు తట్టుకోలేదని తేల్చాడు. మూత తీసేసి ఎదురుగా కూలరు పెడితే సరిపోతుందని మందు కూడా చెప్పాడు. ఇద్దరూ లేచి మధ్య గదిలోకి వచ్చారు. నేను చాప మీద కూర్చుని చదువుకుంటున్నాను. కొంచెం కాళ్ళు ముడుచుకోమన్నారు. ముడుచుకున్నాను. కూలరును నా ముందు నుంచి దొర్లించుకుంటూ తీసుకుపోయారు.

మొదట నేను గొడవ పెట్టుకోలేదు. ఒకటి రెండు రోజుల ముచ్చట అనుకున్నాను. మూడో రోజుకు తల మీద తడి తువ్వాలు వేసుకుని చదివినా అక్షరాలు మెదడుకు ఎక్కలేదు. ముంజేతి చెమటకు నోట్సులో రాసింది రాసినట్టే అలుక్కుపోయింది. మధ్యాహ్నం రెండు గంటలు మాత్రం కూలరును నా వైపు తిప్పమని, ఆ కాసేపు విమానం ఆపమని అడిగాను. మా ఆయన తెర మీదినుంచి చూపు తిప్పలేదు.

"కార్డు ఉడికిపోతాది. నువ్వు మనిషివి, చెమట పోస్తే తుడుచుకుంటావు. అది తుడుచుకుంటాదా?" అన్నాడు.

వెటకారం కాదు. కోపం కూడా కాదు. పిల్లలకు లెక్క విడమరిచినట్టు చెప్పాడు. అదే నాకు ఎక్కువ అసహ్యం కలిగించింది. తిట్టినా బాగుండేది. తిట్టేవాడికి ఎదుట ఒక మనిషి ఉందని అయినా తెలుస్తుంది.

పక్కింట్లో బట్టలు కుట్టే ఒక ముస్లిం ఆవిడ ఉండేది. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. రవికలు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు నా ముఖం చూసి ఏమైందని అడిగింది. చెప్పాను. కుట్టుమిషను ఆపి, నేను వేళాకోళం ఆడుతున్నానేమో అని కాసేపు చూసింది. తర్వాత మిషను పక్కకు జరిపి గోడ వారన చోటు చేసింది.

"రోజూ ఈడికి రామ్మా. మా ఇంట్లో కూలర్ ముందర మనుషులే కూసుంటారు" అంది.

అప్పటినుంచి మధ్యాహ్నం భోజనాలు కాగానే పుస్తకాలు చంకన పెట్టుకుని పక్కింటికి పోయేదాన్ని. మిషను చప్పుడు మధ్యలోనే గుప్తుల కాలం, దక్కన్ పీఠభూమి, రాజ్యాంగ సవరణలు వల్లె వేశాను. నేను ఇంట్లో లేనని మా ఆయనకు తెలియడానికే కొన్ని రోజులు పట్టింది. తెలిశాక, పోయే ముందు కూలర్లో నీళ్ళు నింపి పొమ్మన్నాడు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి బకెట్లతో పోసేదాన్ని. నా కూలరు, నా చేతులు, గాలి మాత్రం కార్డుకు. మా ఇంట్లో వాడకానికి వచ్చేవి బోరు నీళ్ళే. ఆ నీళ్ళు తగిలితే కుళాయి తెల్లబడుతుంది, స్టీలు గిన్నె తెల్లబడుతుంది, తల వెంట్రుకలు పీచులాగా తయారవుతాయి. ఇది కర్నూలులో పసిపిల్లలకు కూడా తెలుసు. ఫిజిక్స్ లెక్చరరుకు తెలియదా, తెలుసు. హైదరాబాద్ జపం చేసే స్నేహితుడికీ తెలుసు. కానీ ఆ గడ్డిలోంచి గాలి వస్తున్నప్పుడు ఆ నీళ్ళు కూడా తుంపరగా దానితో వస్తాయని, మూత విప్పిన కంప్యూటర్ కడుపులోకి నేరుగా పోతాయని ఇద్దరికీ తట్టలేదు.

పరీక్ష దగ్గర పడిన ఒక ఆదివారం తోటి లెక్చరర్లను ఇంటికి పిలిచాడు. హైదరాబాద్‌లో విమానం దించి చూపిస్తాడట. అందరికీ బొరుగుల ఉగ్గాని, బజ్జీలు చేయమన్నాడు. పరీక్ష వారంలో ఉందని గుర్తు చేస్తే, ఒక్క పూటకు ఏం కొంపలు మునుగుతాయన్నాడు. చేశాను. చదువుకున్న పెద్దమనుషులు బజ్జీలు కొరుకుతూ, నూనె వేళ్ళు తుడుచుకుంటూ, చల్లగాలి తమ మీదికి కూడా కొంచెం రావాలని కూలరు పక్కకు కుర్చీలు లాక్కున్నారు. మా ఆయన ఆ రోజు తెల్లచొక్కా వేసుకున్నాడు. ప్రయాణికులందరూ బెల్టులు పెట్టుకోవాలని ఇంగ్లీషులో ప్రకటించాడు. కెమిస్ట్రీ ఆయన చేత్తో నడుము తడుముకున్నాడు కూడా. ఆ దృశ్యం చూసి నాకు నవ్వు రాలేదు. వీళ్ళ దగ్గరా పిల్లలు చదువుకునేది అనిపించింది.

విమానం దిగబోతుండగా తెర మీద రంగురంగుల గళ్ళు వచ్చాయి. ఒకాయన అవి విమానాశ్రయం దీపాలా అని అడిగాడు. గళ్ళు తెరంతా పాకి, తెర నల్లబడి, కాలిన వాసన వచ్చింది. స్నేహితుడు అక్కడే ఉన్నాడు. బజ్జీ పక్కన పెట్టి, చేయి తుడుచుకుని, కార్డును బయటికి లాగాడు. దాని మీద అంతా సున్నం కొట్టినట్టు తెల్లగా గడ్డకట్టి ఉంది. కంప్యూటర్‌లో బిగించే పిన్నుల దగ్గర పచ్చగా చిలుము. గోటితో గీకితే పొడి రాలింది. అది ఏమిటో ఆ గదిలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. ప్రతివాడి ఇంటి కుళాయికీ ఉంది.

మా ఆయన కార్డును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత అందరి ముందు నా వైపు తిరిగాడు.

"కూలర్లో నీళ్ళు పోసేది నువ్వే కదా. బోరు నీళ్ళు పోసేటప్పుడు ఒక మాట అడగొద్దా?"

"మరి ఏ నీళ్ళు పొయ్యాల్సింది?" అన్నాను.

"చెప్పింటే మినరల్ వాటర్ క్యాను తెప్పించకపోతినా?"

స్నేహితుడు తల ఊపాడు. కెమిస్ట్రీ ఆయన కూడా ఊపాడు. నేను ఖాళీ ప్లేట్లు తీసుకుని లోపలికి వచ్చాను. ప్లేట్లు కడుగుతుంటే ఒక విషయం గమనించాను. నాకు కోపం రావడం లేదు. అంతకు ముందు చాలాసార్లు వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. ఆ రోజు అవేవీ లేవు. గిన్నె అడుగున మాడిన దాన్ని గీకి పారేసినట్టు, ఆ మనిషి పట్ల నాలో మిగిలిన మర్యాద మొత్తం ఆ పూట పోయింది.

కార్డు పోయింది కదా, ఇక కూలరు నాకు తిరిగి వస్తుందని మీరు అనుకుంటారు. నేనూ అనుకున్నాను. రాలేదు. మా ఆయన దుఃఖంలో పడి, దాని ముందే చాప వేసుకుని పడుకున్నాడు. మిగిలిన రోజులు కూడా నేను పక్కింట్లోనే చదివాను. పరీక్ష పొద్దున పక్కింటి అక్క నాకు సెంటరు దాకా తోడు వచ్చింది, ఈయన నిద్ర లేవలేదు.

ఉద్యోగం వచ్చింది. మంచి ర్యాంకే వచ్చింది. ఆ రోజు నుంచి మా ఆయన నోరు ఆగితే ఒట్టు. నన్ను చదివించింది తనేనట. సుఖంగా ఉంటే చదువు రాదని, అందుకే కావాలని కూలరు తీసేసి నాలో పట్టుదల పెంచానని కాలేజీలో చెప్పుకున్నాడు. ఒకరిద్దరు నమ్మారు కూడా, నాతోనే వచ్చి మీవారి పద్ధతి చాలా మంచిదమ్మా అన్నారు. నేను జవాబు చెప్పలేదు. జవాబు చెప్పాలంటే ఎదుటివాళ్ళ మీద కొంతైనా గౌరవం ఉండాలి.

తర్వాత కౌన్సెలింగుకు పిలిచారు. ర్యాంకు వరుసలో ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి, ఖాళీగా ఉన్న బడుల్లో ఒకటి కోరుకోమంటారు. మా ఆయన స్కూటరు మీద తీసుకుపోయాడు. దారి పొడుగునా తన లెక్కలు చెప్పాడు. కల్లూరులోనే ఒక బడి ఖాళీగా ఉందని వాకబు చేశాడట. ఇంటి నుంచి నడిచి పోవచ్చు, మధ్యాహ్నం వచ్చి అన్నం వండి పెట్టి మళ్ళీ పోవచ్చు. జీతం చేతికి వచ్చాక ముందు గదికి ఏసీ పెట్టించాలి, ఈసారి కార్డు ఇంకా పెద్దది తేవాలి, ఏసీ ఉంటే దానికి ఏ బాధా ఉండదు. నా ఉద్యోగం నాకు రాకముందే అది ఆయన కార్డుకు వెళ్ళిపోయింది. నేను కొంగు చెవుల చుట్టూ బిగించుకుని రోడ్డు చూస్తూ కూర్చున్నాను.

లోపల టేబుల్ దగ్గర ఆఫీసరు ఖాళీలు చూపించాడు. కల్లూరు ఉంది. నేను వేలు ఇంకా కిందికి దించి, పత్తికొండ దాటి బస్సు దిగి కొంత దూరం నడవాల్సిన ఒక ఊరి మీద పెట్టాను. ఆఫీసరు పెన్ను ఎత్తి ఆగాడు. ఈ ర్యాంకుకు కల్లూరు వస్తుంది కదమ్మా, సరిగ్గా చూసుకున్నారా అన్నాడు. చూసుకున్నానని చెప్పి సంతకం చేశాను.

బయట వేపచెట్టు కింద మా ఆయన ఎవరికో తన పట్టుదల పద్ధతి చెబుతున్నాడు. నన్ను చూసి ఎదురు వచ్చాడు. కల్లూరే కదా అన్నాడు. ఊరి పేరు చెప్పాను.

"అది యాడ, మనం యాడ? రోజూ ఎట్ల పోయొస్తావు?"

"పోయి రాను. ఆడనే ఇల్లు తీసుకుంటా."

ఆయన గొంతు తగ్గింది. జాలిగా కూడా ఉంది ముఖం, నాకే ఏదో అన్యాయం జరిగిందనుకున్నాడు.

"కల్లూరుది నీకంటే ముందరోళ్ళు ఎత్తుకపోయినారా? దొరకలేదా?"

"దొరికింది" అన్నాను.

నేను రోడ్డు దాటి, పత్తికొండ బస్సులు ఏ వేళకు ఉన్నాయో కనుక్కుందామని బస్టాండుకు పోయే షేర్ ఆటో ఎక్కాను.